నాన్న అడ్డం వచ్చిన ఫోటోలు

ఆ రోజుల్లో ఫోటోలనేవి బతికున్నవాళ్ళ కోసం కావు. పెళ్ళికొకటి, పోయాక గోడకొకటి, అంతే. మా అమ్మకి ఆ పెళ్ళి ఫోటో కూడా లేదు. పైగా వాళ్ళ అక్క తెనాలి వెళ్ళి, స్టూడియోలో కుర్చీలో కూర్చుని ముచ్చటగా ఫోటో తీయించుకుని, ఆ ఏడు తిరక్కుండానే దానికి దండ వేయించుకుంది. అప్పటినించీ కెమెరా కనబడితే చాలు, అమ్మ పెరట్లోకి మాయమయ్యేది.

నేను బాపట్లలో గుమాస్తాగా కొత్తగా చేరాను. మా ఆవిడ, నెలల పిల్ల రేపల్లెలో అమ్మావాళ్ళ దగ్గరే ఉండేవాళ్ళు. శనివారం సాయంత్రం బయల్దేరి తెనాలిలో బండి మారి ఇంటికి చేరేవాణ్ణి. అలా వెళ్ళినప్పుడొకసారి నాన్న నన్ను గొడ్లచావిట్లోకి పిలిచారు. "డాక్టరుగారు పెదవి విరిచారురా. మీ అమ్మది ఒక్క ఫోటో అయినా లేదు. ఎట్టాగైనా నువ్వే తియ్యాలి. ఎందుకో దానికి మాత్రం తెలియనీకు" అన్నారు. ఆ మాటలన్నీ గేదె వైపు చూస్తూ చెప్పారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నాన్న ఎదుట ఏడవడం మా ఇంట్లో అలవాటు లేదు కాబట్టి నేనూ గేదె వైపే చూశాను.

తోటి గుమాస్తాని బతిమాలి డబ్బా కెమెరా తెచ్చాను. దాన్ని పొట్టకానించుకుని, తల వంచి, పైనున్న అద్దంలోకి చూడాలి. నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ఎవర్నీ నిలబెట్టకూడదు, ఇంట్లో రోజూ జరిగేది జరిగినట్టు తీసెయ్యాలి. పిల్లకి నీళ్ళు పోయడం, బియ్యం చెరగడం, మా ఆవిడకి జడ వేయడం. వీటన్నిట్లో అమ్మ ఉంటుంది కదా! (ఇప్పుడు దీన్ని కళ అంటున్నారు. అప్పుడు మా ఇంట్లో పిచ్చి అన్నారు.)

ఆదివారం పొద్దున్నే అమ్మ నూతి దగ్గర పీటమీద కాళ్ళు చాపుకుని, పిల్లని కాళ్ళమీద పడుకోబెట్టుకుని నలుగు పెడుతోంది. "పిల్లని తీస్తున్నానమ్మా" అన్నాను. "తడిబట్టల్తో ఫోటో ఏంట్రా, సిగ్గులేకుండా! గేదెని తీసుకోరాదూ?" అంది. అనుమానం రాకూడదని ముందు గేదెనే తీశాను. అది కదలకుండా సహకరించింది. మళ్ళీ అమ్మ వైపు తిరిగేసరికి అద్దంలో ఇస్త్రీ పంచె కనబడింది. తల పైకెత్తితే నాన్న! సిల్కు ఉత్తరీయం, నుదుట బొట్టు, చేతులు రెండూ పక్కలకి ఆనించి సరిగ్గా అమ్మకి ముందు నిలబడి ఉన్నారు. ఫోటో తీస్తుంటే ఇంటి యజమాని ముందు నిలబడాలనేది ఆయనకి ఒంట్లో జీర్ణించుకుపోయిన మర్యాద.

నాన్నని పక్కకి జరగమనడానికి నాకు నోరు పెగల్లేదు. గట్టిగా అంటే అమ్మకి తెలిసిపోతుంది కూడాను. కళ్ళతో సైగ చేశాను. ఆయన అర్థమైనట్టు తల ఊపి ఇంకాస్త నిటారుగా నిలబడ్డారు. చేట దగ్గరా అంతే, జడ దగ్గరా అంతే. నేను ఎటు తిరిగితే ఆయన అటు తిరిగారు. రీలు అయిపోయింది.

"పెద్దాయన భలే వచ్చారండి" అంటూ తెనాలి స్టూడియో ఆయన ఫోటోలు చేతిలో పెట్టాడు. స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చుని ఒక్కొక్కటే చూశాను. ముఖం స్పష్టంగా పడ్డది నాన్నదీ గేదెదీ. ఇంకో రీలు వేద్దామనుకుంటూనే ఉన్నాను. వానాకాలం వచ్చింది, అమ్మ మంచం దిగలేదు. తర్వాత ఇక లేదు.

కర్మలన్నీ అయ్యాక నాన్న ఆ ఫోటోలు అడిగారు. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఒరేయ్, ఈ అడ్డంగా నిలబడ్డవాడెవడ్రా?"

నేను గేదె వైపు చూశాను.

"జరగమని చెప్పకపోయావా?"

"మీకెట్టా చెప్తానండీ నాన్నగారూ?"

"నిజమేలే" అన్నారు. ఈసారి గేదె వైపు తిరగలేదు. నా ఎదుటే ఏడ్చారు.

నలుగు పెడుతున్న ఫోటోలో ఆయన పంచె పక్కనించి అమ్మ చేతులు రెండూ కనబడుతున్నాయి, వాటి మధ్య పిల్ల తల. ఆ ముక్క వరకు పెద్దది చేయించి గోడకి పెట్టారు. ఎవరైనా దండ తెస్తే, "వద్దు, చేతులు కనబడవు" అనేవారు.

ఆ పిల్ల ఇప్పుడు అమ్మమ్మయింది. మొన్న తన మనవడికి వాళ్ళమ్మ నీళ్ళు పోస్తుంటే ఫోన్లో ఫోటోలు తీస్తోంది. నేను కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వెళ్ళి నిలబడ్డాను (రక్తం ఎక్కడికి పోతుంది!). "నాన్నా, అడ్డమొస్తున్నావు, కాస్త జరుగు" అంది, తల కూడా ఎత్తకుండా. ఆ మాట ఇంత తేలిగ్గా అనేయొచ్చని నాకు ఆనాడు తెలియదు. నవ్వొచ్చింది, కళ్ళు తుడుచుకుని పక్కకి జరిగాను.