ఇంకొక్కసారి అనే మా తమ్ముడు

మా తమ్ముడు కెమెరా పట్టుకుని ఎదురొస్తే వస్తాదులు కూడా సందు మారుస్తారు. ఒక్క దెబ్బకి ఫోటో తీసిన పాపాన పోడు వాడు. "ఇంకొక్కసారి!" అంటాడు. పుట్టగానే ఏడవడానికి బదులు ఈ మాటే అనుంటాడని నా అనుమానం.

వాడిది రీలు కెమెరా. లోకమంతా ఫోన్లతో టపటపా నొక్కేస్తుంటే వీడింకా రీలు పట్టుకుని వేలాడుతున్నాడు. తీసేదేమో పరిగెత్తేవాళ్లనీ, గెంతేవాళ్లనీ, బరువులెత్తేవాళ్లనీ. రీలుకి ముప్పైఆరు ఫోటోలు. ఒక్కోటీ కిడ్నీ కోసిచ్చినట్టు ఇస్తాడు. స్టూడియోలో ముందు సగం నా కుట్టుమిషను, వెనక సగం వాడి చీకటిగది. కాబట్టి నేను చెప్పేదంతా కళ్లారా చూసిందే. కాస్త పెంచుతానేమోగానీ అబద్ధమాడను.

ఒకసారి జిమ్ మాస్టారు ముచ్చటపడి బరువెత్తాడు. తమ్ముడు కన్ను కెమెరాకి ఆనించి అలాగే నిలబడిపోయాడు.

"తియ్యవయ్యా బాబూ!"

"ఆగండి మాస్టారూ, చెమటచుక్క గడ్డం చివర వేలాడాలి... అయ్యో, రాలిపోయింది. ఇంకొక్కసారి!"

పదకొండోసారికి మాస్టారి మీసం వేలాడింది. పన్నెండోసారికి బరువు కింద పడేసి పక్కనే తనూ పడ్డాడు. అప్పుడు నొక్కాడు వీడు. ఇప్పుడా ఫోటోనే మాస్టారు గోడకి తగిలించి వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు!

ఇక మా అమ్మాయి సంగతి. దానిది హైజంపు. పోయినేడాది పడి మోకాలు విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక డాక్టరు, "మోకాలు నాదానికంటే గట్టిగా ఉంది, ఇక గెంతమ్మా" అన్నాడు. పిల్ల మాత్రం అడ్డకర్ర దాకా పరిగెత్తి, బ్రేకేసిన బస్సులా ఆగిపోయేది. నెల్లో జట్టు ఎంపిక. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది.

"కోడలా, షాపు అద్దంలో పెట్టడానికి నీ ఫోటో కావాలే" అన్నాడు తమ్ముడు.

"నేను గెంతను మామయ్యా."

"గెంతమన్నానా? కర్ర మోకాలెత్తులో పెడతా. దాటు చాలు. ఒక్క ఫోటో!"

దాటింది.

"కళ్లు మూసుకున్నావే. ఇంకొక్కసారి!"

మర్నాడు జడ అడ్డొచ్చిందన్నాడు. ఆ మర్నాడు మబ్బు పట్టిందన్నాడు. తర్వాత, "ఈ కర్ర నీ మొహానికి అడ్డొస్తోంది, కాస్త పైకి జరుపుతా" అని రోజుకింత జరిపాడు. పిల్లకి మోకాలు మీద భయం పోయి మామ మీద కోపం పట్టుకుంది. "ఈసారి తియ్యకపోతే నీ కెమెరా మీదే దూకుతా!" అని అరుస్తూ దాటేది.

అలా మూడు వారాలు. ఒకరోజు నేనూ గ్రౌండులో కూర్చుని గుండీలు కుడుతున్నాను. వాడు ఫోటో తీసి మీట లాగాడు. కెమెరా ఎడమవైపు బొడిపె కదల్లేదు. "అది తిరిగితేనే లోపల రీలు కదులుతున్నట్టక్కా" అని నాకు వందసార్లు చెప్పినవాడు వీడే. చెయ్యి పట్టి పక్కకి లాక్కెళ్లాను.

"ఒరేయ్, కెమెరాలో రీలే లేదు కదరా!"

"మెల్లిగా అక్కా! మొదటిరోజు నుంచీ లేదు."

"మూడు వారాలుగా ఖాళీ డబ్బాతో నా పిల్లని గెంతిస్తున్నావా?"

"కర్ర ఎంత ఎత్తులో ఉందో అది చూడటం మానేసింది. నువ్వు చూడు."

చూశాను. నా మెడ దాకా ఉంది. వారం రోజులు నోరు కట్టుకున్నాను. నా జన్మలో అదే రికార్డు.

ఎంపిక రోజు నిజంగానే రీలు ఎక్కించాడు. బొడిపె తిరగడం నేనే దగ్గరుండి చూశాను. పిల్ల పరిగెత్తింది, లేచింది, దాటింది. కర్ర వణకనైనా వణకలేదు. జట్టులోకి తీసుకున్నారు! రొప్పుకుంటూ వచ్చింది.

"మామయ్యా, తీశావా?"

వాడి కెమెరా మెడలో వేలాడుతోంది. రెండు చేతులూ ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చి మొహం మాడిపోయింది.

ఇక నా వల్ల కాలేదు. "రీలున్న రోజే తియ్యలేదు చూడవే వీడు!"

"రీలున్న రోజేంటమ్మా? మిగతా రోజులు?"

మొత్తం కక్కేశాను. పిల్ల మామని ఎగాదిగా చూసింది. తిన్నగా వెళ్లి, గెంతినవాళ్లు పడే పరుపు మోసుకుపోతున్నవాళ్లని బతిమాలి కింద పెట్టించింది. కర్ర తనే సర్దుకుంది. పరుగు మొదలెట్టే చోట నిలబడి అరిచింది:

"కెమెరా పట్టుకో మామయ్యా! ఇంకొక్కసారి!"