అప్పన్నకిచ్చిన జుట్టు

నిన్న మా మనవడు ఫోన్‌లో పాత హిందీ సీరియల్ ముక్కొకటి చూపించి, "తాతా, యే సునో! ఈ పాప గొంతు ఎంత బాగుందో!" అన్నాడు. కింద జనం రాసిన పొగడ్తలన్నీ తెరమీది పిల్లకే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ముఖం ఎవరిదైతేనేం, గొంతు మాత్రం నా చెల్లెలిది.

ఎనభైల నాటి మాట. నాన్న ఉత్తరాదిన ఒక ఉక్కు కార్ఖానాలో ఫిట్టరు. ఆ ఊళ్ళోనే బారిడీహ్ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. కలకత్తా నుంచి వచ్చిన సీరియల్ వాళ్ళు మా పక్క పేట సోనారిలో షూటింగ్ పెట్టుకుని, స్కూలు నాటకంలో చెల్లెల్ని చూసి తీసుకున్నారు. తెలుగులో ఏమడిగినా హిందీలో బదులిచ్చే రకం అది. జడ మాత్రం నడుం దాటి ఉండేది. పిల్ల టీవీలో కనబడితే ఆ జుట్టిస్తానని నాయనమ్మ సింహాద్రి అప్పన్నకు మొక్కేసింది. మొదటి భాగం వచ్చిన రోజు మా ముందుగదిలో వాడంతా కూర్చుంది. నాయనమ్మ టీవీకి హారతి పట్టబోతే, అద్దం పగులుతుందని నాన్న కేకలేశాడు. మొక్కు నిలవ ఉంచకూడదని ఆ వారమే చెల్లెల్ని రైలెక్కించి తీసుకెళ్ళి, గుండు చేయించి, గంధం పూసి మరీ తీసుకొచ్చింది.

"యే క్యా కర్ దియా, మాజీ!" అని డైరెక్టరు తల పట్టుకున్నాడు.

"టీవీలో అవుపిత్తే జుట్టిత్తానని మొక్కాను బాబూ. అవుపించింది. తీర్సకపోతే అప్పన్న ఊరుకుంటాడేటి?" అంది నాయనమ్మ. ఇంకా సగం కథ తియ్యాలని ఆవిడకు చెప్పిన నాథుడు లేడు.

సరే, తలకో రుమాలు కట్టి తియ్యొచ్చు కదా! కథలో జ్వరం వచ్చిందని ఒక్క మాట కలపొచ్చు కదా! పై వారానికి ఇంకో పిల్లను తెచ్చి నిలబెట్టారు. ఆ పిల్లకు హిందీ నోరు తిరగలేదు. అప్పుడు సిగ్గు లేకుండా మా ఇంటికే జీపు పంపారు. ముఖం మారినా ఫరవాలేదట, గొంతు మారకూడదట! నాన్న వద్దంటే చెల్లెలు ఏడ్చి మరీ వెళ్ళింది, పేరైనా వేస్తారన్న ఆశతో. గుండుకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఆ పిల్ల పెదవులు చూస్తూ మాటలన్నీ చెప్పింది. వారం వారం సీరియల్ అయిపోయాక టీవీ ముందు నుంచి లేచేది కాదు. లైట్లు మోసినవాళ్ళ పేర్లు కూడా వచ్చాయి గాని దాని పేరు రాలేదు. వాడంతా నాయనమ్మనే ఆడిపోసుకుంది. ఆ డైరెక్టర్ని ఒక్కరూ ఒక్క మాటనలేదు. అదీ నా మంట.

తర్వాత బొంబాయిలో దాని బతుకంతా అదే అయింది. ఎంతమంది హీరోయిన్లు దాని గొంతుతో ఏడ్చారో లెక్కలేదు. వాళ్ళకు దండలు పడ్డాయి, దీనికి గొంతునొప్పి మిగిలింది.

నిన్న దానికి ఫోన్ చేసి అందర్నీ కలిపి తిట్టిపోశాను. అది నవ్వి, ఎన్నడూ లేనిది అచ్చం నాయనమ్మలా అంది: "అప్పన్న తప్పేటుంది అన్నయ్యా? అవుపించాలని మొక్కింది, అవుపించాను. పేరెయ్యాలని ఎవులూ మొక్కనేదు కదా."

నాకు నవ్వు రాలేదు. అప్పన్నకిచ్చిన జుట్టు ఏడాది తిరిగేసరికి మళ్ళీ జడకందింది. ఆ జడ నెరిసి, చెల్లెలు రంగు వేసుకోవడం కూడా మానేసిన ఈ రోజుకీ పేరు మాత్రం తెరమీదికి రాలేదు.