రెండో పీపా మీద ముక్కుగారి తీర్పు

ఆ మద్యం కర్మాగారంలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఎదురుగా "మేడమ్" అంటారు, వెనకాల "ముక్కుగారు" అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా. వాసన సబ్బుతో స్నానం చేసి వచ్చినవాళ్లను రుచి చూసే గది గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. గిడ్డంగి గుమాస్తా ఒకసారి పచ్చి ఉల్లిపాయ తిని వచ్చి, నోరు తెరవకుండా చేతిసైగలతో పని కానిచ్చుకుందామనుకున్నాడు. "ఉల్లిపాయ సరే, దాని మీద నిమ్మకాయ కూడా పిండుకున్నావా?" అని అడిగింది. ఆ రోజంతా అతను మళ్లీ ఆ వైపు రాలేదు.

ఆమె పని చెప్పడానికి తేలిక. గ్లాసు వాసన చూడాలి, రెండు చుక్కల నీళ్లు కలిపి మళ్లీ చూడాలి, కాస్తంత నోట్లో తిప్పి ఉమ్మేసి, బాగుందో లేదో చెప్పాలి. ఆ చెప్పడం దగ్గరే అందరూ నీళ్లు నములుతారు. ఆమె నమలదు. పెద్దపెద్దవాళ్లు ఆహా ఓహో అన్న సరుకును కూడా "ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు" అని ఒక్క మాటతో పక్కన పెట్టించిన మనిషి. తన ముక్కు మీద ఆమెకు అంత నమ్మకం. అది ఒట్టి పొగరేమీ కాదు, ఆ ముక్కు ఏనాడూ తప్పు చెప్పలేదు మరి.

అదే ఆవరణలో, అవతలి షెడ్డులో ఆమె భర్త పీపాల మేస్త్రి. ఓక్ అనే గట్టి కలప చెక్కలు చెక్కి, ఇనప పట్టీలు బిగించి, లోపల మంట పెట్టి పీపాలు తయారుచేస్తాడు. పెళ్లైన కొత్తలోనే ఇద్దరూ ఒక మాట అనుకున్నారు: ఇంట్లో పీపాల ఊసు, మద్యం ఊసు ఎత్తకూడదు. ఆ కాపురం సజావుగా సాగడానికి సగం కారణం అదే.

మొక్కజొన్నతో కాచిన బర్బన్ అనే విస్కీని అక్కడ లోపలంతా బొగ్గయ్యేలా కాల్చిన కొత్త పీపాలో ఏళ్ల తరబడి ఊరబెడతారు. ఈసారి యజమాని అందులో మంచి సరుకు కొంత తీసి, దోరగా మాత్రమే కాల్చిన రెండో ఓక్ పీపాలో ఇంకో ఏడాది ఉంచాడు. రెండో పీపాల్లో సగం మేస్త్రివి, సగం బయటి కంపెనీవి. ఎవరి పీపాలోది నెగ్గితే ఇకమీదట ఆ పనంతా వాళ్లకే. ఓడితే మేస్త్రికి మిగిలేది కారే పాత పీపాల మరమ్మతులే. ఆ చెక్కను అతను స్వయంగా ఎంచి, ఎండకూ వానకూ ఆరుబయట ఉంచి, కన్నబిడ్డలా కనిపెట్టుకున్నాడు. ఇంట్లో నోరు తెరిచి అడగలేదు గానీ, రుచి చూసే రోజు పొద్దున ఎడమ చెప్పు కుడికాలికి తొడుక్కుని బయల్దేరాడు.

గ్లాసుల మీద గుర్తులు మాత్రమే ఉన్నాయి. ఏది ఎవరిదో యజమాని ఒక్కడికే తెలుసు. మొదటి గ్లాసు ముందు తియ్యగా పలకరించి, ఆనక మరీ మరిగిపోయిన టీలా చేదెక్కింది. "వద్దు," అంది తడుముకోకుండా.

రెండో గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే ఆమె ప్రాణం కుదుటపడ్డట్టయింది.

"హమ్మయ్య! మీ మొహం ఇలా వెలగడం ఇదే చూడ్డం," అన్నాడు యజమాని. "ఖాయం చేసేయనా?"

ఇంతకు మించింది లేదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఏం బాగుంది? ఎవరు ఏది బాగుందన్నా ఆమె అడిగే మొదటి ప్రశ్న అదే. మొక్కజొన్న తీపా? వెనిలా వాసనా? అవేవీ కాదు. హాయిగా ఉంది, అంతే. ఎందుకంత హాయి అని తరిచి చూసుకుంటే తెలిసింది. సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే చొక్కా నుంచి వచ్చే వాసన అది.

ఇక గుర్తులు పెట్టి ఏం లాభం! ఉమ్మడమే తప్ప మింగడం ఎరగని ఆమెకు ఆ రోజు నిజంగానే మింగలేక కక్కలేక అన్నట్టయింది. బాగుందంటే అబద్ధం కూడా కాదు కదా. ఆయన మొహం కళ్లలో మెదిలింది. పాపం అనిపించింది, చాలా పాపం అనిపించింది.

లేచి కిటికీ తెరిచి, నోరు పుక్కిలించి, మళ్లీ కూర్చుంది. ఈసారి చెక్క వాసనను పక్కకు నెట్టి, దాని కింద మొక్కజొన్న కోసం సంతలో తప్పిపోయిన పిల్లను వెతికినట్టు వెతికింది. చివర్లో ఎక్కడో సన్నగా పలికి మాయమైంది.

"పీపా మంచిదే. ఏడాది ఎక్కువైంది. అంతా చెక్కే ఉంది, బర్బన్ లేదు. వద్దు," అంది. కాస్త ఆగి, "ఇది మా ఆయన పీపా అని తెలిసిపోయిందండీ. కాకిపిల్ల కాకికి ముద్దు. అందుకే రెండోసారి చూశాను," అని కూడా చెప్పేసింది.

"రెండూ వద్దంటే ఎలాగమ్మా? బయటివాళ్లైతే అడిగిన రోజుకి తెచ్చి పడేస్తారు. వాళ్లకే ఇచ్చేస్తా," అన్నాడు యజమాని.

సాయంత్రం ఇంట్లో ఆ పాత కట్టుబాటు మేస్త్రే తెంచాడు. "ఒక్క మంచి మాట చెప్తే నీ సొమ్మేం పోయేదే?" అన్నాడు, చెప్పులు విప్పకుండానే.

"నాకు నచ్చింది కాబట్టే చెప్పలేదు."

"ఇదెక్కడి న్యాయం!"

"అందులో మీ చొక్కా వాసన వచ్చిందండీ. నాకది ప్రాణం. కొనుక్కునేవాళ్లకి మీరేమవుతారని?"

మేస్త్రి కోపంగానే చొక్కా చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నాకేం రావట్లేదు."

"మీకెలా వస్తుంది?" అంది.

అతను చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "మరి ఎప్పుడు తీసుంటే సరిపోయేది?" అని అడిగాడు.

"ఆ ఏడాదిలో సగానికే తీసుండాల్సింది. అప్పుడు మీ చెక్కా ఉండేది, బర్బనూ ఉండేది."

మర్నాడు మేస్త్రి షెడ్డుకు పోకుండా తిన్నగా యజమాని గదికి వెళ్లాడు. "ఇంకో నాలుగు పీపాలు చేసిస్తా. నింపి, ఆరు నెలలకే తీయండి. అప్పటికీ బాగోకపోతే మరమ్మతులే చేసుకుంటా, మళ్లీ అడగను."

యజమాని తలూపాడు. "సరే, చూద్దాం. కానీ ఈసారి రుచికి బయటినుంచి ఎవరినైనా పిలిపిస్తా. మొగుడి పీపాకి పెళ్లాం తీర్పేంటని నలుగురూ అనుకోరూ?"

"వద్దండీ," అన్నాడు మేస్త్రి. "మా ఆవిడే చూడాలి. బయటివాళ్లైతే మొహమాటపడతారు."