మామగారి ధోతి ముక్కలో నా బిడ్డ

మొన్న బాన్సువాడలో మా ఆడబిడ్డ మనవడి తొట్టెల వేడుకకు వెళ్లి, అన్నం తినకుండా తిరిగి వచ్చాను. ఎందుకు తినలేదని మా ఆయన అడగలేదు, అడగరు కూడా. అక్కడ మా ఆడబిడ్డ, స్నానం పోసిన పసివాణ్ణి మెత్తటి గుడ్డలో చుడుతూ, చుట్టూ చేరిన పడుచు తల్లులకు పాఠం చెప్పింది.

"ఛాతి కాడ రెండు వేళ్లు పట్టేటంత సందు ఉంచాలె. నడుము కింద ఇడిసిపెట్టాలె బిడ్డా, కాళ్లు ముడుసుకోనియ్యాలె. గుంజి కట్టొద్దు."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, తొంభైల్లో పసిబిడ్డకు కొత్త బట్ట వేసేవాళ్లు కాదు. ఇంటి పెద్దాయన కట్టి కట్టి మెత్తబడిన ధోతిని చింపి, ఆయన ఆయుష్షు బిడ్డకు రావాలని అందులోనే చుట్టేవాళ్లు. ఆ ఆచారం నాకూ ఇష్టమే, ఎండలో ఆరిన ఆ గుడ్డ వాసన ఇవాళ్టి దుకాణాల్లో పసిపిల్లల కోసం అమ్మే జిప్పు సంచులకు ఎక్కడిది? కానీ మా అత్తగారింట్లో అంతటితో ఆగేవాళ్లు కాదు. కాళ్లు వంకర పోకూడదని, రెండూ జత చేసి, మోకాళ్లు వంగకుండా చాపి, ధోతి అంచు నుంచి చింపిన పేలికతో చీలమండల దాకా బిగించేవాళ్లు.

తల్లి లేనిదాన్ని గనుక నా మొదటి కాన్పు రుద్రూర్‌లోని పుట్టింట్లో కాకుండా అత్తగారి ఊరు బాన్సువాడలోనే జరిగింది. దవాఖానలో నర్సమ్మ విడమరచి చెప్పే పంపింది, కాళ్లు కప్ప కాళ్లలా విప్పారి ఉండాలని, గుడ్డ మొహం మీదికి జారకూడదని, వెల్లకిలా పడుకోబెట్టాలని, ఎండాకాలం గనుక ఒక్క పొరే చాలని. ఇంటికొచ్చి నేను అలాగే చుడితే, అత్త విప్పి తన పద్ధతిలో బిగించింది. ఆమె వంటింట్లోకి పోగానే నేను పేలిక విప్పేదాన్ని; నేను స్నానానికి పోగానే ఆడబిడ్డ మళ్లీ కట్టేది. ఒకరోజు ఇరుగుపొరుగు ఆడవాళ్ల ముందే అత్త నిలదీసింది.

"ఏందమ్మా, ఐదుగురిని కన్నది నేనా, గా నర్సా?"

"తల్లి ఉండి నేర్పితే కదనే అవ్వా తెల్సేది," అంది ఆడబిడ్డ తన తల్లితో.

అందరూ నవ్వారు. మా ఆయన పేపర్లో ఒక పేజీ తిప్పారు.

నడక వచ్చే వయసుకు నా బిడ్డ ఒక పక్కకు ఒరిగి నడిచింది. నిజామాబాద్‌లో డాక్టరు ఎక్స్‌రే చూసి, తుంటి కీలు కుదురుకోలేదని, పుట్టుకతోనే కొంత వదులుగా ఉండి ఉండొచ్చని, కాళ్లు చాపి బిగించడం వల్ల అది సర్దుకునే వీలు లేకపోయిందని చెప్పాడు. ఆపరేషన్ చేసి, నడుము నుంచి పిండికట్టు వేశారు. ఆ కట్టుతో బిడ్డను ఎత్తుకుని బస్సుల్లో తిరిగింది నేనొక్కదాన్నే. డాక్టరు మాట ఇంట్లో చెబితే ఎవరికీ వినపడలేదు. అత్త నోటి నుంచి నస్రుల్లాబాద్ చుట్టాల దాకా పాకిన మాట మాత్రం వేరు: తల్లి మాటిమాటికీ గుడ్డ విప్పిందట, అందుకే కాలు వంకర పోయిందట. అత్త మంచాన పడితే దుప్పట్లు మార్చింది నేనే. పోయేదాకా ఆమె ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు.

అందుకే మొన్న ఉండబట్టలేక ఆడబిడ్డను అడిగాను, ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావని.

"నేర్సుడేంది వదినె, మన ఇంట్ల ఎన్కటికెల్లి ఇట్లనే కదా!"

అప్పుడే నాతో వచ్చిన నా కూతురు కుంటుకుంటూ పసివాణ్ణి చూడవచ్చింది. ఆమె నడక చూసి ఆడబిడ్డ వియ్యపురాలు ఏమైందని మెల్లగా అడిగింది. మా ఆడబిడ్డ పసివాడి కాళ్ల దగ్గర గుడ్డను ఇంకొంచెం వదులు చేస్తూనే జవాబిచ్చింది.

"చిన్నప్పుడు వాళ్లమ్మ గుడ్డ మంచిగ కట్టలే. ఊకె ఇప్పుకుంట కూసున్నది."

నా కూతురు నా వైపు చూసి, చెప్పుల కోసం బయటికి నడిచింది. నేనూ లేచాను.

ఇప్పుడు ఆ ధోతులు కట్టే పెద్దవాళ్లు లేరు, కాళ్లు బిగించే పేలికలూ లేవు. మంచిదే. ఆనాడు నేను చాటుగా చేసిన పనిని ఇవాళ అందరూ నడింట్లో కూర్చుని చేస్తున్నారు, తప్పు మాత్రం నా పేరు మీదే ఉంది. తొట్టెలలో ఆ పసివాడు కాళ్లు విప్పుకుని ఎంత హాయిగా నిద్రపోయాడో. నా బిడ్డ అలా పడుకోగా నేను చూసింది, అత్త వంటింట్లో ఉన్న కాసేపే.