నీళ్ళలో చూపు

సూళ్ళూరుపేటలో కళ్ళద్దాల షాపు నడుపుతున్నాను. ఒకరోజు ఒక అక్క వచ్చింది. పులికాట్ సరస్సులో దిగి చేతులతో రొయ్యలు పట్టి బతికే మనిషి. నలభై ఏళ్ళుంటాయేమో. దూరం చూపు, దగ్గర చూపు రెండూ పరీక్షించాను. ఏ లోపమూ లేదు.

"గట్టు మీద బాగానే కనపడతాయి భాయ్. నీళ్ళల్లో మునిగి కళ్ళు తెరిస్తే అంతా మసకే. మొన్న రొయ్యనుకోని జెల్ల చేపని పట్టినా" అంటూ ముల్లు గుచ్చుకుని వాచిన అరచేయి చూపించింది. "చేపకి కనపడతా ఉంది గదా, నాకేమొచ్చింది?"

కనుక్కుని చెప్తానని, వారం ఆగి రమ్మన్నాను.

ఆ ఆదివారం మా ఆవిడ చేప కడుగుతుంటే తల అడిగి తీసుకుని, బ్లేడుతో కన్ను కోశాను. లోపల మిరియపు గింజంత గుండ్రటి పూస, గాజులా తేటగా ఉంది. పేపరు మీద పెడితే కింది అక్షరం పెద్దదై కనిపించింది. ఇన్నేళ్ళుగా అద్దాలు అరగదీస్తున్నాను, అంత చక్కటి అద్దం నా చేతుల్లో ఎప్పుడూ తయారు కాలేదు. తర్వాత కూర్చుని ఆ సంగతే చదివాను.

అక్క వచ్చాక చెప్పాను. "మన కంటి ముందుభాగం వంపు గాలిలోనే పనిచేస్తుందక్కా. నీళ్ళలో దాని బలం పోతుంది. చేపకి ఆ పనంతా కంటి లోపలి పూసే చేస్తుంది, అందుకే అది అంత గుండ్రంగా ఉంటుంది."

"మరి బురద మీద గెంతే చేప సంగతేంది? దానికి గట్టు మీద గూడా కనపడతాదే!"

నేను నమ్మలేదు. తనే సరస్సు అంచుకి తీసుకెళ్ళి చూపించింది. వేలెడంత చేపలు, నడినెత్తిన కప్పకున్నట్టు కళ్ళు. నేను చెయ్యి కదిలించానో లేదో, అన్నీ గెంతి బొరియల్లో దూరాయి.

"వీటి పూర్వీకుల్లో గాలిలో కాస్త మెరుగ్గా చూడగలిగినవి కొంగని ముందే పసిగట్టి తప్పించుకున్నాయి. వాటి పిల్లలకీ ఆ చూపే వచ్చింది. అలా తరతరాలుగా కన్ను మారుతూ వచ్చింది" అన్నాను.

"ఎన్నాళ్ళు పట్టుంటాది?"

"లక్షల ఏళ్ళు."

"నాకంత టైం లేదు భాయ్!" అని పకపకా నవ్వింది.

నవ్వులోనే నాకు తట్టింది. కంటికీ నీటికీ మధ్య కాస్త గాలి ఉంటే చాలు. ఈత కొట్టేవాళ్ళు పెట్టుకునే అద్దాలు చెన్నై నుంచి తెప్పించాను. నీళ్ళు తేటబడ్డాక అక్క అవి పెట్టుకుని మునిగింది. ఎంతసేపటికీ తల ఎత్తకపోయేసరికి నేను కంగారుపడి మోకాలి లోతుకి దిగాను. చివరికి ఊపిరి ఎగబీలుస్తూ లేచింది.

"నా చేతులు కనపడినాయి భాయ్! రొయ్య మీసాలు గూడా!"

ఇప్పుడు అక్క వాళ్ళ ఊరి ఆడవాళ్ళు ఆరుగురు అవే పెట్టుకుని నీళ్ళలో దిగుతున్నారు. వాళ్ళలో ఒకామెకి దూరం చూపు తక్కువ. ఆమె అద్దాలకి పవర్ ఎలా కుదర్చాలా అని ఈ వారమంతా తంటాలు పడుతున్నాను. కుదిరేట్టే ఉంది.