లింగంపేట దాటితే వైపు మారాలి

మా బస్సు డ్రైవరన్న ఫోన్ చేశాడంటేనే గుండె జారింది. ఆయన నోరు విప్పడమే అరుదు, ఇక ఫోన్ చేయడమా! ఆ పొద్దున కూడా పొడి మాటలే. "అక్క పోయింది బిడ్డా. పొద్దుగాల డ్యూటీకి తయారైతుండంగనే. గుండె ఆగిందట" అని పెట్టేశాడు.

అక్క అంటే మా కండక్టరక్క. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పొద్దున పోయే బస్సులో ఏళ్ల తరబడి ఆమెదే రాజ్యం. మీరెప్పుడైనా ఆ బస్సెక్కి ఉంటే మీకూ తెలిసే ఉంటుంది. నెత్తిన రుమాలు, నోట్లో ఏదో ఒకటి నములుతూ, మెడలో టికెట్ మిషన్. ఆ మిషన్ తాడు తెగిపోతే పాత చీర అంచు చింపి కట్టుకుంది. డిపోలో కొత్త తాడు ఇచ్చినా మార్చలేదు. "గిది మా అమ్మ చీర. మెడల ఉంటె ధైర్యముంటది" అనేది.

నేను ఎల్లారెడ్డి దవాఖానాలో రక్త పరీక్షలు చేస్తాను. అందుకని నన్ను సూదిపిల్లా అని పిలిచేది. పొద్దున్నే నేను ఎక్కగానే బస్సంతా వినేటట్టు, "చేతులు దాసుకోండ్రి, సూదిపిల్ల ఎక్కింది!" అని అరిచేది. మొదట్లో ఒళ్లు మండేది. తరువాత ఆ కేక వినకపోతే పొద్దు పొడిచినట్టే ఉండేది కాదు.

భిక్నూర్‌లో ఆమె ఇంటికి మా బస్సువాళ్లం చాలామందిమి పోయాం. చావింట్లో నవ్వకూడదంటారు. ఏం చేస్తాం? ఆమె గురించి ఎవరు మాట మొదలుపెట్టినా ఏడుపుతో మొదలై నవ్వులో తేలేది. ఎరువుల దుకాణం సేటు మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆమె కూతురే ఏడ్చిన కళ్లతో మా దగ్గరికొచ్చి, "నవ్వుండ్రి అక్కా, అమ్మకు గదే ఇష్టం" అంది. అందుకే ఇక్కడ కూడా ఏడుపు రాయను. రాసినా ఆమె ఊరుకోదు.

ఆడవాళ్లకు టికెట్ ఉచితం చేశాక మా బస్సు ఎట్లా నిండేదో వేరే చెప్పాలా! గుమ్మం దాకా జనమే. "టికెట్ ఉట్టిదే గని సీటు ఉట్టిగ రాదు, జరుగుండ్రి, జరుగుండ్రి" అంటూ ఆమె ఆ సందులోంచే ఈ చివర నుంచి ఆ చివరకు ఈదేది. కిటికీ దగ్గర ఎవరైనా చెయ్యి బయట పెడితే, "చేతులు లోపట, మాటలు బయట!" అని గదమాయించేది. మాటలు మాత్రం ఎవరూ లోపల పెట్టుకోవడానికి వీల్లేదు. ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే ఆమెకు నచ్చదు. "ఏందే, మనుషులు అగుపడుతలేరా?" అని భుజం మీద ఒకటి వేసేది.

అసలు చెప్పాల్సిన సంగతి ఆ సరిహద్దు గొడవ నాటిది. నా తమ్ముడు ఫౌజులో ఉన్నాడు. అప్పుడు వాడిని ఏదో మంచుకొండ మీద కాపలా చౌకీలో వేశారు. అవతలి దేశం వాళ్లు, మీ సైనికులు ఆ కొండ దిగకపోతే ఊరుకోం, పేల్చేస్తాం అని రోజూ బెదిరింపులు. మన ఢిల్లీ పెద్దాయన మాత్రం నోరు విప్పలేదు. కొండ దిగమనీ చెప్పడు, వాళ్లకు జవాబూ ఇవ్వడు. తమ్ముడి ఫోన్ కలవడం లేదు. అమ్మ టీవీ తీగ పీకేసింది. "గా అరిసేటోళ్లకు కొడుకులు లేరా?" అని కసిరి, సాయంత్రం నేను ఇంటికి రాగానే మాత్రం, "బస్సుల ఏమనుకుంటున్నరే?" అని అడిగేది. వాడు క్షేమమని ఒక్క మాట వినేదాకా మా ఇంట్లో ముద్ద దిగేటట్టు లేదు.

బస్సులో అయితే రోజూ యుద్ధమే. సేటు ఎడమ దిక్కు కిటికీ దగ్గర కూర్చుని మొదలుపెట్టేవాడు. "మెత్తటోన్ని చూస్తె మొత్తబుద్ధి అయితదట! పెద్దాయన నోట్లె మన్ను వోసుకున్నడా? ఒక్క దెబ్బ కొడితె గా ముచ్చట అయిపాయె!" కుడి దిక్కున కాలేజీ సారు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "మొరిగే కుక్క కరువదు సేటూ. పెద్దాయన ఊకున్నడంటె ఆలోచన చేస్తున్నడన్నట్టు" అనేవాడు. సగం బస్సు ఈయన వెంట, సగం ఆయన వెంట. మధ్యలో నేను, కలవని ఫోన్ చేతిలో పట్టుకుని.

ఒకరోజు మాట మీద మాట పెరిగింది. పిరికోళ్లకు పిరికోడే దేవుడు అన్నాడు సేటు. నీ దుకాణం నడవాలంటే యుద్ధం కావాలా అన్నాడు సారు. సేటు చెప్పు తీశాడు. కూరగాయల గంపతో కింద కూర్చున్న అవ్వ, "ఓ కొడుకా, నా తమాటల మీద పడకుండ్రి!" అని గంపకు అడ్డం పడింది. సరిగ్గా అప్పుడే లింగంపేటలో బస్సు ఆగింది. కండక్టరక్క గుమ్మంలో నిలబడి, బండి కదలకుండా ఓల్డాన్ అని కేక వేసింది.

"ఇద్దరు దిగుండ్రి" అంది.

వాళ్లు దిగలేదు.

"దిగరా? అయితె దిక్కులు మారుండ్రి. సేటూ, నువ్వు సారు జాగల కూసో. సారూ, నువ్వు సేటు జాగల. ఎల్లారెడ్డి దాక ఆయన మాట నువ్వు మాట్లాడాలె, నీ మాట ఆయన మాట్లాడాలె. సక్కగ మాట్లాడితేనే బండి కదుల్తది. లేకుంటె ఈడ్నే ఉంటం, నాకేం తొందర లేదు, నాకు జీతమొస్తది."

బస్సంతా ఘొల్లుమంది. ఆఫీసులకు పోయేవాళ్లు, కూలికి పోయేవాళ్లు, "కానీయుండ్రి సేటూ, ఆలస్యమైతుంది" అని తొందరపెట్టారు. సారు ముందు లేచాడు. సేటు సీట్లో కూర్చుని, లేని మీసం మెలేసి, తొడ మీద ఒక చరుపు చరిచి, "ఒక్క దెబ్బ! ఒక్కటంటె ఒక్కటే!" అని సన్నటి గొంతుతో అరిచాడు. కిటికీ పక్కనున్న ఆడవాళ్లు నవ్వలేక కడుపులు పట్టుకున్నారు. సేటు వంతు వచ్చింది. గొంతు సవరించుకున్నాడు. "మొరిగే కుక్క కరువదు" అని సారు సామెత అప్పజెప్పాడు. తరువాతి మాట కోసం అటూ ఇటూ చూశాడు, నన్ను చూశాడు. "ఊకుండుడు గూడ మంచిదే. ఎందుకంటె… ఈడ మనం తొడగొడితె దెబ్బ ఆడున్న పోరగాండ్లకు తాకుతది. ఈ సూదిపిల్ల తమ్ముడు ఆడ్నే ఉన్నడాయె" అన్నాడు. అని, తన మాటకు తానే ఉలిక్కిపడ్డట్టు, చెప్పు తొడుక్కుని కూర్చున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ గొడవ మొదలయ్యాక బస్సులో నా తమ్ముడి పేరెత్తిన మొదటి మనిషి ఆయనే.

"రైట్ రైట్, పోనియ్ తండ్రీ" అంది కండక్టరక్క. ఆమె రైట్ రైట్ ఎప్పుడూ అట్లాగే, వెనక తండ్రీ ఉండాల్సిందే.

అప్పటినుంచి అదే మా బస్సు కానూను. లింగంపేట దాకా ఎవరి మాట వారిది, దాటితే ఎదుటివాడి మాట. నిలబడ్డవాళ్లు కూడా ఈ కడ్డీ వదిలి ఆ కడ్డీ పట్టుకోవాలి. ఒకరోజు పేపర్లో ఏదో చదివి జనమంతా సేటు వైపే చేరారు. సారు ఒంటరి. కండక్టరక్క ఒప్పుకోలేదు. "అందరొక్క దిక్కు కూసుంటె బండి ఒరుగుతది" అని, తానే వెళ్లి సారు పక్కన కూర్చుంది. నిజంగా ఆమెది ఏ వైపో మాకెవరికీ తెలియదు. అడిగితే, "నాది గుమ్మం దిక్కు" అనేది. నేను ఇంటికెళ్లి ఇవన్నీ చెబుతుంటే అమ్మ చాలా రోజుల తరువాత నవ్వింది. ఆ పూట రెండు ముద్దలు తిన్నది కూడా.

ఇక ఫోన్ మోగిన రోజు. లింగంపేట దాటాం, దిక్కులు మారాం, సారు తొడ చరుస్తున్నాడు. అడవి మొదలయ్యే ముందు రోడ్డు ఒక గడ్డ ఎక్కి దిగుతుంది. సరిగ్గా దాని మీద నా ఫోన్ మోగింది. తమ్ముడు! "అక్కా…" అన్నాడో లేదో బస్సు దిగువకు జారింది, సిగ్నల్ పోయింది. నేను అరిచిన అరుపుకు అవ్వ గంప వదిలేసింది.

"ఓల్డాన్!" కండక్టరక్క గొంతు. "ఎన్కకు తియ్ అన్నా! గడ్డ మీదికి!"

నిండు బస్సును వెనక్కి నడపడమంటే మాటలా? డ్రైవరన్న ఊఁ అన్నాడు, అంతే. కూరగాయల అవ్వ కిందికి దిగింది. రోడ్డు మధ్యలో చీర కుచ్చిళ్లు ఎగజెక్కుకుని, బస్సు వెనక నిలబడి, జీవితమంతా అదే పని చేసినదానిలా, "రానియ్, రానియ్, ఇటు కొట్టు, రానియ్" అని చేతులూపింది. గడ్డ మీదికి రాగానే ఫోన్ మళ్లీ మోగింది. కండక్టరక్క వేలు చూపించింది. "ఎవడన్న దగ్గితె దించేస్త."

నిలబడ్డవాళ్లంతా నా సీటు వైపు వంగారు. ఫోన్ అందరికీ వినబడేటట్టు పెట్టాను.

"మంచిగున్ననక్కా. తిన్న. సలి సంపుతుంది గంతే. అమ్మకు చెప్పు."

నేను కళ్లు తుడుచుకుంటున్నాను. వాడే అడిగాడు. "జనం ఏమంటున్నరే ఆడ? పెద్దాయన ముచ్చట?"

ఇక ఆగుతారా! "ఒక్క దెబ్బ కొట్టాలె బిడ్డా!" అని సారు. "ఓపిక పట్టాలె, ఓపిక!" అని సేటు. మొదటిది సారు, రెండోది సేటు అన్నాను; ఫోన్ కలవకపోయినా వీళ్లిద్దరి సంగతీ, బస్సు కానూనూ తమ్ముడికి రోజూ మెసేజ్ పెడుతూనే ఉన్నాను. "గదేందక్కా, ఉల్టా మాట్లాడుతున్నరు?" అన్నాడు. లింగంపేట దాటాం రా అన్నాను. వాడు నవ్వాడు. ఆ మంచుకొండ మీద వాడు విరగబడి నవ్విన నవ్వు మా బస్సంతా విన్నది.

కండక్టరక్క నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "బిడ్డా, మా పంచాయితి తెగేది కాదు. గని నువ్వు సల్లగుండాలె అన్న కాడ మాత్రం బస్సంత ఒక్క దిక్కే ఉన్నది. గీ ఒక్కదానికి బండి ఒరిగితె ఒరగనియ్." ఆ తరువాత ఆమె కూడా కళ్లు తుడుచుకుంది. రుమాలుతో కాదు, ఆ చీర అంచుతోనే.

కొన్నాళ్లకు పెద్దాయన మాట్లాడాడు. మనవాళ్లు ఉన్నచోటనే ఉంటారని, మీదికి పోరు వెనక్కి రారని, చాలా తక్కువ మాటల్లో. బెదిరింపులు మెల్లగా సద్దుమణిగాయి. గదే ముచ్చట ముందే చెప్పకపోయెనా అని సేటు, ముందే చెప్తే పని జరిగేదా అని సారు. ఈనాటికీ తేలలేదు.

తమ్ముడు సెలవు మీద వచ్చినప్పుడు ఆ బస్సెక్కించాను. జనం వాడిని మోసినంత పని చేశారు. కండక్టరక్క తన సీటు ఇచ్చింది, టికెట్ కూడా కొట్టింది. "ఫౌజీవైతేంది, టికెట్ టికెట్టే" అంది. ఆపైన నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది. "ఇగ నువ్వే చెప్పాలె బిడ్డా. ఆడున్నోనివి నువ్వు. పెద్దాయన చేసింది మంచిగనా, కాదా?"

బస్సంతా చెవులు రిక్కించింది. తమ్ముడు తల గోక్కున్నాడు. "లింగంపేట దాక ఒకటి చెప్త అక్కా. దాటినంక ఇంకోటి చెప్త."

ఆమె వాడి నెత్తి మీద మొట్టికాయ వేసి, ఎంతసేపు నవ్విందో! ఆమెను తలుచుకుంటే నాకు ఆ మొహమే కనబడుతుంది.

అంత్యక్రియలు అయిన మర్నాడు బస్సెక్కాను. ముందు రోజే తమ్ముడికి ఫోన్‌లో చెప్పాను. వాడు మళ్లీ సరిహద్దులోనే ఉన్నాడు. బస్సు మామూలుగానే నడుస్తుందా అని అడిగాడు. "రేపు బస్సు గడ్డ మీదికి రాంగనే ఫోన్ చెయ్యక్కా" అన్నాడు.

కొత్త కండక్టరు వచ్చాడు. మంచివాడే, కానీ సూదిపిల్ల ఎక్కిందని ఎవరూ అరవలేదు. సేటు ఎడమ దిక్కు, సారు కుడి దిక్కు, ఇద్దరూ కిటికీల్లోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. లింగంపేట వచ్చింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. సేటు లేచాడు. సారు లేచాడు. వాళ్ల వెనక వరుసల వాళ్లు లేచారు. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని లేచారు. అవ్వ గంప ఈ దిక్కు నుంచి ఆ దిక్కుకు జరిపింది. కొత్త కండక్టరు బెదిరిపోయాడు. "ఏమైందండి? ఎందుకు లేస్తున్నరు అందరు?"

డ్రైవరన్న వెనక్కి తిరిగాడు. "మారనియ్. మారినంకనే పోదం."

అడవి ముందరి గడ్డ మీద ఆయనే బస్సు ఆపాడు. నేను ఫోన్ కలిపాను. తమ్ముడు ఎత్తాడు. అందరికీ వినబడేటట్టు పెట్టాను. బస్సులో ఎవరూ దగ్గలేదు. ఆ కొండ మీద గాలి హోరు మాత్రం వినబడుతోంది.

తరువాత, అంత దూరం నుంచి, అచ్చం ఆమెలాగే సాగదీసి వాడన్నాడు.

"రైట్ రైట్… పోనియ్ తండ్రీ."

డ్రైవరన్న గేరు వేశాడు. రెండు దిక్కులా నిండుగా, ఎటూ ఒరగకుండా, బస్సు ఎల్లారెడ్డి వైపు దిగింది.