రాగితీగ జవాబు

విజయనగరంలో ఒక కాలేజీ ఫిజిక్సు ల్యాబు మెకానిక్కు జగన్నాధానికి ఒకటే జబ్బు. ఎవరైనా వాదించుకుంటుంటే ఊరుకోలేడు. "నోటితో కాదు, బల్ల మీద ఎట్టి సూడండి" అంటాడు.

గరివిడిలో ఇద్దరు పెద్దమనుషులు టీ గాజుగ్లాసులో త్వరగా చల్లారుతుందా, స్టీలుగ్లాసులోనా అని తగువుపడితే జేబులోంచి థర్మామీటరు తీశాడు. తేలేసరికి రెండు టీలూ పారబోశారు. "నా మాట నీకు ఇనపడదు" అని భార్య చిన్నతల్లి అంటే, "ఎంత దూరం నుంచి? పెరట్లోకెళ్లి పిలువు" అన్నాడు. ఆవిడ సాలూరులో పుట్టింటికెళ్లి పిలిచింది.

2014లో ఎమ్మెస్సీ సింధు ఆయనకు చిక్కింది. కిందటేడు ప్రాక్టికల్స్ వైవాలో, ఎదురుగా అడిగే ప్రశ్నలకు నోరు పెగల్లేదు, చేయి వణికింది, తప్పింది. ఈసారీ తప్పితే ఇంట్లో చదువు మాన్పించేస్తారు. తను చేయాల్సిన ప్రయోగం ఆయనకు చెప్పింది.

"సన్నని తీగ మీద వెలుగు వేస్తే రెండు పక్కల నుంచీ వెళ్లి గోడ మీద చారలు పడతాయి బాబాయ్. ఏ పక్కనుంచి వెళ్లిందో వెలుగుకి గుర్తు పెడితే ఆ చారలు పోతాయి. గుర్తు చెరిపేస్తే మళ్లీ వస్తాయి. మనం చూడనప్పుడు వెలుగు ఏం చేస్తాదని పెద్దోళ్లు ఏళ్లతరబడి వాదించుకున్నారు."

"ఏటి, ఉత్తినే?"

"తర్వాత ల్యాబుల్లో చేసి చూశారు."

"మరదే. ముందే నాకు సెప్తే అన్నేళ్లు పట్టునా?"

లేజరు లైటు, పాత మోటారులోంచి సన్నని రాగితీగ, వెలుగును ఒకే వాటంగా వదిలే పోలరాయిడ్ రేకులు ఇచ్చాడు. తీగకు ఒక పక్క రేకు నిలువుగా, రెండో పక్క అడ్డంగా అంటించాలి; అదే వెలుగుకి గుర్తు. వెంట్రుకవాసి పక్కకి జరిగితే "మళ్లీ" అనేవాడు. పదకొండుసార్లు పీకించాడు. తను మాత్రం వేలు పెట్టలేదు. సింధు ఆయన్ని మనసులో చిన్నతల్లికన్నా ఎక్కువ తిట్టుకుంది.

వైవాలో పరీక్షకుడు, "చూడనప్పుడు వెలుగు ఏ దారిన వెళ్లినట్టు?" అన్నాడు. నోటికన్నా ముందు సింధు చేయి పని మొదలుపెట్టింది. ఉత్త తీగ పెడితే గోడ మీద చారలు. రేకులంటించిన తీగ పెడితే మాయం. దానికీ గోడకీ మధ్య మూడో రేకు ఏటవాలుగా పెడితే గుర్తు చెరిగి మళ్లీ చారలు. పరీక్షకుడు లేచి తనే మూడుసార్లు చేసుకున్నాడు.

"నా ప్రశ్నకి జవాబు నాకూ తెలీదమ్మా" అన్నాడు. దాంతో సింధుకు మాట వచ్చింది. ఆపడం కష్టమైంది. పాసైంది.

సామాను సర్దుతుంటే బల్ల కింద, గుడ్డ కప్పి, అచ్చం అలాంటిదే ఇంకో తీగ కనిపించింది.

"ఇదేంటి బాబాయ్?"

"నీది తెగితే ఇది ఎడదామని."

"మరి నాచేత అన్నిసార్లు ఎందుకు చేయించావు?"

"సెయ్యికి పని తగిల్తే వణకడం మరిసిపోతాది."

సింధు రెండు తీగల్నీ పక్కపక్కన పెట్టింది. "రెండూ తెగితే?"

జగన్నాధం కిటికీ వైపు తిరిగాడు. "అరసవల్లి దేవుడికి మొక్కీసినాను. ఎవరితోనూ అనకు."

ఆ మొక్కు పనిచేసిందనడానికి రుజువేమిటని సింధు అడగలేదు.

"ఆదివారం ఏ బస్సుకెళ్దాం?" అంది.